నాయన నమ్మింది టెంకాయనా, దాన్ని పట్టిన మనిషినా?

ప్రశ్న:

అక్కా, మాది చిత్తూరు దగ్గర ఒక పల్లె. ఎస్వీ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసి, తిరుపతిలో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్తున్నాను. ఊళ్లో మాకు మూడెకరాల మామిడి తోట ఉంది. ఉన్న రెండు బోర్లూ ఎండిపోయాయి. మూడో బోరు వేయాలి. దానికి లోను నా పేరు మీద తీస్తున్నాం. మిషన్ పెట్టి చూసే జియాలజిస్టును పిలిచి పాయింటు పెట్టిద్దామని నేనన్నాను. నాయన మాత్రం టెంకాయ పట్టి నీళ్లు చూసే పెద్దాయన తప్ప ఇంకెవరూ వద్దంటాడు. 2002 కరువులో ఆయన చూపించిన చోటే నీళ్లు పడ్డాయట. ఇప్పుడు ఎండిన రెండింటిలో అదొకటి. మాటా మాటా పెరిగి, బంధువులందరి ముందూ "టెంకాయకు ఏం తెలుస్తుంది నాయనా, నీకు బుద్ధి ఉందా" అనేశాను. ఇరవై రోజులైంది, ఆయన నాతో మాట్లాడటం లేదు. అంతకంటే నన్ను కలవరపెట్టింది మా చెల్లి మాట. "నువ్వు మాత్రం? మీ సారు చెప్పాడనే కదన్నా జాతకాలూ ముహూర్తాలూ అన్నీ వదిలేసింది" అంది. ఆ సారంటే నాకు ప్రాణం, నిజమే. అప్పట్నించీ సరిగా నిద్ర పట్టడం లేదు. మనుషులు లాజిక్ చూసి నమ్ముతారా, చెప్పే మనిషి నచ్చి నమ్ముతారా? నేను చేసింది కూడా నాయన చేసిందేనా?

జవాబు:

తమ్ముడూ, టెంకాయ గొడవ మన జిల్లాలో బోరు వేసే ప్రతి రెండో ఇంట్లో ఉంటుంది. మీ చెల్లి అడిగిన మాట మాత్రం అరుదుగా వినపడుతుంది. బాగా అడిగిందని నా మాటగా ఆ పిల్లకు చెప్పు.

ఆమె అన్నది చాలావరకు నిజం. నీ విషయంలోనే కాదు, నా విషయంలోనూ అంతే. భూమి వయసు దాదాపు 450 కోట్ల ఏళ్లని నువ్వు క్లాసులో చెప్తావు. ఆ లెక్క కోసం రాళ్లను తెచ్చి కొలిచింది నువ్వు కాదు. యురేనియం కాలక్రమంలో సీసంగా మారే లెక్క నీకు తెలిసి ఉండొచ్చు, కానీ కొలత వేరేవాళ్లది. వాళ్ల మాట నమ్మావు. వాళ్లను నమ్మొచ్చని చెప్పింది మీ సారు. మరి మీ సారును నమ్మొచ్చని నీకెవరు చెప్పారు? ఆయన పాఠం చెప్పే తీరు, నీ పేరు గుర్తుపెట్టుకుని పిలిచిన పిలుపు, ఫీజు కట్టలేని రోజున పక్కన నిలబడిన మనసు, ఇలాంటిదేదో అయ్యుంటుంది. లాజిక్ నీ దగ్గరికి ఒక మనిషి చెయ్యి పట్టుకునే వచ్చింది. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

మన న్యాయ దర్శనం ఈ సంగతిని ఎప్పుడో ఒప్పుకుంది. తర్కానికి పుట్టిల్లు లాంటి ఆ దర్శనం ఒక సంగతి తెలుసుకోవడానికి నాలుగు ప్రమాణాలు చెప్పింది: ప్రత్యక్షం (కళ్లారా చూడటం), అనుమానం (గుర్తును బట్టి ఊహించడం), ఉపమానం (పోలికను బట్టి తెలుసుకోవడం), శబ్దం. ఆ నాలుగోది మనిషి చెప్పిన మాటే. అయితే ఎవరి మాట పడితే వాళ్లది కాదు, ఆప్తుడి మాట. వాడుకలో ఆప్తుడంటే మనకు బాగా కావలసినవాడు. నైయాయికులు, అంటే ఆ దర్శనం వాళ్లు, దానికి ఇంకాస్త గట్టి అర్థం పెట్టారు. ఆ సంగతిని స్వయంగా తెలుసుకున్నవాడై ఉండాలి, తెలిసింది తెలిసినట్టు చెప్పాలన్న కోరిక ఉన్నవాడై ఉండాలి. రెండూ ఉంటేనే ఆప్తుడు.

మనమంతా పొరపాటు చేసేది ఇక్కడే. ఈయన మనవాడేనా, మన మంచి కోరతాడా, అబద్ధం ఆడడు కదా అని చూసుకుంటాం. "అయ్యా, ఈ సంగతి మీకెలా తెలిసింది?" అని అడగం. అడిగితే మర్యాద కాదనుకుంటాం. మీ సారును ఆ ప్రశ్న అడిగితే ఒక్కొక్క మెట్టే చూపించుకుంటూ వచ్చి, నువ్వే చేసి చూసుకోగల ప్రయోగం దగ్గర నిన్ను నిలబెట్టగలడు. టెంకాయ పెద్దాయన్ని అడిగితే "చెయ్యి చెప్తుంది" అంటాడు, అంతకు మించి చూపించలేడు. నీకూ మీ నాయనకూ తేడా ఉందంటే అక్కడుంది. నమ్మడం మొదలుపెట్టిన తీరులో మాత్రం మీరిద్దరూ ఒకటే.

మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి సంగతి నీకు తెలిసే ఉంటుంది. తనను జగద్గురువుగా నిలబెట్టడానికి పెట్టిన సంస్థను 1929లో తానే రద్దు చేశాడు. ఎవరినీ అనుసరించొద్దు, నన్నైనా సరే అని జీవితమంతా చెప్పాడు. ఆ మాటను కూడా వేలమంది ఆయన కళ్లూ, గొంతూ, ఆ నిశ్శబ్దమూ చూసి గుండెకు పట్టించుకున్నారు. దాన్ని నేను తప్పు పట్టను. గురువును వదలమని చెప్పడానికి కూడా ఒక మనిషి కావలసి వచ్చిందని చెప్తున్నానంతే.

తిరుమల కొండ మీద మూర్తి విష్ణువా శివుడా అన్న వాదం వచ్చినప్పుడు రామానుజులవారు పురాణ ప్రమాణాలన్నీ చూపి వాదించారని వైష్ణవ సంప్రదాయం చెప్తుంది. చివరికి ఇద్దరి ఆయుధాలూ స్వామి ముందు పెట్టి రాత్రి తలుపులు మూశారట, తెల్లారి తీసేసరికి స్వామి శంఖచక్రాలు ధరించి ఉన్నాడట. రామానుజులు ఏ పురాణంలోంచి ఏ శ్లోకం చూపించారో తిరుపతిలో పదిమందిని అడుగు, చెప్పేవాళ్లు తక్కువ. తలుపులు తీసిన ఉదయం సంగతి అందరూ చెప్తారు. మనసులో మిగిలేది దృశ్యం.

ఇప్పుడు టెంకాయ దగ్గరికి వస్తాను. దీని మీద నా అభిప్రాయం స్పష్టంగా చెప్పాలి, లేకపోతే నీకు అన్యాయం చేసినట్టే. టెంకాయకు నీళ్లు తెలియవు. అరచేతిలో అది లేచి నిలబడేది మనిషి కండరాల వల్ల. తాను కదిలిస్తున్నానని ఆ మనిషికే తెలియదు. విలియం కార్పెంటర్ అనే ఆంగ్ల వైద్యుడు 1852లోనే దీనికి పేరు పెట్టాడు. ఆ మరుసటేడు మైకేల్ ఫారడే, చేతులు పెడితే బల్ల దానంతటదే తిరుగుతుందన్న నమ్మకాన్ని పరీక్షించి, నెడుతున్నది చేతులేనని, నెట్టేవాళ్లు నిజాయితీపరులేనని తేల్చాడు. జర్మనీలో మ్యూనిక్ దగ్గర 1987, 88ల్లో పుల్లతో నీళ్లు చూసేవాళ్లను వందలమందిని పిలిచి, వాళ్లలో మేటి అనుకున్న 43 మందికి ఒక కొట్టంలో 843 సార్లు పరీక్ష పెట్టారు. పైఅంతస్తులో వాళ్లు, కింద చోటు మారుస్తూ నీళ్ల గొట్టం. కొద్దిమందికి నిజంగా శక్తి ఉన్నట్టుందని పరీక్ష పెట్టినవాళ్లు అన్నారు. తర్వాత జిమ్ ఎన్‌రైట్ అనే శాస్త్రవేత్త అవే అంకెలు తీసి చూస్తే, ఊరికే గుడ్డిగా చెప్పినా అంతే వస్తుందని తేలింది.

మరి పెద్దాయన పెట్టిన పాయింట్లలో నీళ్లు ఎలా పడ్డాయి? మనది గట్టి రాతి నేల. పైన చితికిన మెత్తటి పొరలోనూ, కింద బండ పగుళ్లలోనూ నీళ్లుంటాయి. వానలు బాగా పడిన కాలంలో చాలాచోట్ల ఎంతో కొంత తగులుతాయి. ఇంకొకటి కూడా ఉందని నేననుకుంటాను. ఆ పెద్దాయన నలభై ఏళ్లుగా చేలల్లో తిరుగుతున్నవాడు. ఎక్కడ పల్లం, ఏ గట్టు కింద ఎండాకాలంలోనూ గడ్డి పచ్చగా ఉంటుంది, పుట్టలెక్కడ లేస్తాయి అన్నది ఆయన కంటికి తెలుసు. వరాహమిహిరుడు 6వ శతాబ్దంలోనే చెట్లూ పుట్టలూ గుర్తులుగా నీళ్లు చూసే పద్ధతులు రాసి పెట్టాడు. కంటికి తెలిసింది ఆయన చేతిని కదిలిస్తుంటే, ఆయన టెంకాయే చెప్పిందనుకుంటూ ఉండొచ్చు. టెంకాయను నమ్మకు, కానీ ఆ కంటిని పారేయకు.

నీ మిషన్ కూడా నీళ్లను చూడదు, నీకు నాకంటే బాగా తెలుసు. నాలుగు కడ్డీలు దిగ్గొట్టి కరెంటు పంపి, నేల ఎంత అడ్డుకుంటోందో కొలుస్తుంది. ఎండు బండ బాగా అడ్డుకుంటుంది, తడి పొర తక్కువ అడ్డుకుంటుంది. బంకమన్ను కూడా తక్కువే అడ్డుకుంటుంది కాబట్టి మోసపోవచ్చు. అయినా ఆ పద్ధతి మీద నాకు నమ్మకం ఎక్కువ. ఎందుకంటే అది ఎక్కడ తప్పుతుందో అదే చెప్తుంది. నాయనతో ఈ సగం మాట నువ్వు చెప్పలేదని నా అనుమానం. మిషన్ పెడితే నీళ్లు గ్యారంటీ అన్నట్టు మాట్లాడి ఉంటావు.

నా సంగతి ఒకటి చెప్తాను. 1995 సెప్టెంబరు 21న దేశమంతా వినాయకుడు పాలు తాగుతున్నాడని గుళ్లకు పరిగెత్తారు. తిరుపతిలోనూ అంతే. నేనప్పుడే సైన్సు టీచరుగా చేరాను. మా అమ్మ ఖాళీ గ్లాసు పట్టుకుని ఇంటికొచ్చి "తాగినాడమ్మా, నా కళ్లారా చూసినా" అంది. నేను వంటింట్లోకి తీసుకెళ్లి, రుబ్బురోలు పొత్రానికి పాల స్పూను ఆనించి చూపించాను. స్పూనులో పాలు తగ్గాయి. రాయి తాగలేదు, తలతన్యత వల్ల పాలు రాయినంటుకుని పలచని పొరలా కిందికి జారిపోయాయి. ఆ రోజుల్లోనే కేంద్ర ప్రభుత్వ శాస్త్రవేత్తలు పాలలో రంగు కలిపి అందరికీ అదే చూపించారు. నేను చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. అమ్మ ఒక్క మాట కూడా అనలేదు, పొత్రం కడిగి పెట్టేసింది.

అప్పుడు మా నాన్న ఆస్పత్రిలో ఉన్నాడు. గుండె జబ్బు. డాక్టర్లు ఏదీ తేల్చి చెప్పడం లేదు. అమ్మ ఆ గుడికి ఎందుకు వెళ్లిందో, స్వామి పాలు తాగితే దాన్ని ఏమని అర్థం చేసుకుందో నేను అడగలేదు. ఆ తర్వాత అమ్మ ఏ గుడికి వెళ్లినా నాతో చెప్పి వెళ్లలేదు. చాలా ఏళ్లు. ఇప్పుడైతే ముందు పక్కన కూర్చుని నాన్న గురించి మాట్లాడి ఉండేదాన్ని. పొత్రం ఇంకో నెలకు చూపించినా సైన్సుకు వచ్చిన నష్టం ఏమీ లేదు.

మీ నాయనకు 2002 అలాంటిది. ఆ ఏడు దేశమంతా పెద్ద కరువు. పశువుల్ని అమ్ముకున్నారు, బెంగళూరుకు కూలికి పోయారు. ఆ రోజుల్లో ఒక మనిషి మీ చేలో నడిచి ఒక చోట ఆగి "ఇక్కడ వెయ్యి" అన్నాడు. నీళ్లు పడ్డాయి, చెట్లు బతికాయి. నీ ఎమ్మెస్సీ ఆ నీళ్లతోనే మొదలై ఉంటుంది. అందరి ముందూ "టెంకాయకు ఏం తెలుస్తుంది" అని నువ్వన్నప్పుడు, ఆ రోజు మమ్మల్ని నిలబెట్టింది ఉత్త గుడ్డి అదృష్టమని కొడుకే అన్నట్టు ఆయనకు వినపడి ఉంటుంది. నువ్వు ఆ ఉద్దేశంతో అనలేదు. కానీ ఆయన అక్కడే ఉన్నాడు.

లాజిక్ చూసి నమ్ముతారా, మనిషి నచ్చి నమ్ముతారా అని అడిగావు కదా. అసలు నమ్మకాన్ని మనం ఎంచుకోగలమా? ఒకటి చేసి చూడు. అలిపిరి నుంచి కొండకు మెట్లు 3,550 కాదు, వెయ్యేనని ఈ క్షణం నమ్మాలని గట్టిగా తీర్మానించుకో. నీ వల్ల కాదు. లక్ష రూపాయలిస్తామన్నా పైకి అనగలవు గానీ లోపల నమ్మలేవు. నమ్మకం అంగట్లో వస్తువులా ఏరుకునేది కాదు. ఎవరి పక్కన కూర్చుంటామో, ఏ ప్రశ్న అడుగుతామో, ఏది కాదని తేలితే వదిలేస్తామో, అవి మాత్రం మన చేతిలో ఉన్నాయి. నమ్మకం వాటి వెనకాలే మెల్లగా మారుతుంది.

పీటర్ వాసన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1960లో చేసిన ఒక చిన్న పరీక్ష మీ పిల్లల మీద చేసి చూడు. 2, 4, 6 అని మూడంకెలు ఇచ్చి, దీని వెనక ఒక నియమం ఉంది, మీరూ మూడేసి అంకెలు చెప్పి కనుక్కోండి అనాలి. చాలామంది 8, 10, 12 అంటారు, 20, 22, 24 అంటారు. అవునన్న కొద్దీ రెండేసి పెరగడమే నియమమని బిగుసుకుంటారు. అసలు నియమం పెరుగుతూ పోవడం, అంతే. 1, 2, 3 అని అడిగి ఉంటే బయటపడేది. తమది తప్పని తేలే అవకాశమున్న ప్రశ్న అడగాలని తోచదు. టెంకాయతో నీళ్లు పడిన బోర్లనే నాయన చెప్పుకుంటాడు. నువ్వు టెంకాయ తప్పిన బోర్లనే చెప్పుకుంటావు.

అందుకని ఇలా చెయ్యి. ముందు ఊరికి వెళ్లి నాయన దగ్గర క్షమాపణ అడుగు. బుద్ధి ఉందా అన్నందుకు. ఫిజిక్స్ గురించి ఆ రోజు ఎత్తొద్దు. మాట అన్నది బంధువుల ముందు కాబట్టి, ఒకరిద్దరు బంధువులు ఉన్నప్పుడే అడిగితే ఇంకా మంచిది.

ఆ తర్వాత ఒక నోట్‌బుక్ తీసుకుని ఊళ్లోని బోర్ల లెక్క ఆయన చేతే రాయించు. ఏ బోరు ఎవరు పాయింటు పెట్టారు, ఎన్ని అడుగులు వేశారు, ఎన్ని ఇంచుల నీళ్లు పడ్డాయి, ఎప్పుడు ఎండింది. టెంకాయవీ, వేపపుల్లవీ, మిషన్‌వీ, ఎవరినీ అడక్కుండా వేసుకున్నవీ అన్నీ ఉండాలి. ఎండు బోర్లు ఒక్కటి కూడా వదలొద్దు. ఆయనకు అన్నీ తెలుసు, నీకు తెలియవు. నువ్వు ఆయన దగ్గర నేర్చుకునేవాడివిగా కూర్చో. లెక్క ఎటు తేలినా ఒప్పుకోవాలని నీ మనసుకు ముందే చెప్పుకో. మిషన్ పెట్టినవి కూడా చాలా తప్పాయని తేలొచ్చు, దానికీ సిద్ధంగా ఉండు.

పెద్దాయన కళ్లకు గంతలు కట్టి పరీక్షిద్దామని నీకు తోచి ఉంటుంది. అలా చేయొద్దు. మ్యూనిక్‌లో వాళ్లు ఒప్పుకుని వచ్చారు. మీ చేలో ముసలాయన్ని పదిమంది ముందు నిలబెట్టడం వేరు. న్యాయ దర్శనంలోనే నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, ఎదుటివాణ్ణి కూల్చడానికే చేసేది వితండ అని విడదీశారు. నీకు వాదం మాత్రమే కావాలి.

ఇద్దరినీ పిలిపించు. పెద్దాయన చూపిన చోట్లు గుర్తు పెట్టుకోండి. జియాలజిస్టుకు ఆ సంగతి చెప్పకుండా ఆయన్ని ఆయనంతట చూడనివ్వండి. రెండూ దగ్గర దగ్గరగా వస్తే గొడవే లేదు. రాకపోతే మిషన్ పాయింటునే వేద్దామని అడుగు. లోను నీ పేరు మీద ఉంది కాబట్టి అడిగే హక్కు నీకుంది, నెమ్మదిగా అడుగు. నాయన అప్పటికీ ఒప్పుకోకపోతే, ఒక్క బోరుకు సరిపడా డబ్బే ఇవ్వగలనని, తప్పితే రెండో పాయింటుకు అప్పు చేయనని ముందే చెప్పు.

ఇది నాకు అన్నిటికంటే ముఖ్యం. ఎన్ని అడుగుల దగ్గర ఆపాలో బోరు బండి రాకముందే కాగితం మీద రాసుకోండి. మన జిల్లాలో కుటుంబాలు మునిగింది పాయింటు తప్పినందువల్ల కంటే, ఆరొందల అడుగుల దగ్గర దుమ్ము లేస్తుంటే "ఇంకో వంద, ఇంకో వంద" అంటూ వెయ్యి దాటించినందువల్లే ఎక్కువ. అక్కడ టెంకాయ నమ్మకమూ మిషన్ నమ్మకమూ ఒకేలా మునుగుతాయి. నీరు, నేల, చెట్ల రక్షణకు తెచ్చిన వాల్టా చట్టం, 2002 ప్రకారం బోరుకు అనుమతి తీసుకోవాలి, అది మర్చిపోవద్దు. ఎండిన బోర్ల చుట్టూ గుంత తీసి, రాళ్లూ ఇసుకా నింపి వాన నీళ్లు ఇంకించే ఏర్పాటు చేయండి. మామిడికి డ్రిప్ లేకపోతే ముందు అది చూడండి. అందరి బోర్లూ తోడేది ఆ కింది నీళ్లనే, వాటిని టెంకాయా పెంచలేదు, మిషనూ పెంచలేదు.

నిద్ర సంగతి. మీ సారు వల్ల వదిలేసినవాటిలో ఒక్కొక్కటే తీసుకుని, ఇదే మాట నాకు నచ్చని మనిషి చెప్పి ఉంటే ఒప్పుకునేవాణ్ణా అని అడిగి చూడు. కొన్ని నిలుస్తాయి. కొన్నిటికి నీ దగ్గర సారు గొంతు తప్ప ఇంకేమీ లేదని తెలుస్తుంది. వాటిని వెంటనే పారేయక్కర్లేదు, ఇంకా చూడవలసినవి అని పక్కన పెట్టుకో. వీలైతే సారు దగ్గరికే వెళ్లి అడుగు. నువ్వు చెప్పినంత మంచివాడైతే ఆ ప్రశ్నకు సంతోషిస్తాడు.

ఈ ఆదివారమే ఊరికి వెళ్లు. క్షమాపణ అయ్యాక నాయనతో ఆ ఎండిన 2002 బోరు దగ్గరికి నడిచి వెళ్లి, ఎన్నో అడుగు దగ్గర నీళ్లు తగిలాయి నాయనా అని అడుగు. ఆయనకు అడుగుతో సహా గుర్తుంటుంది. నోట్‌బుక్‌లో మొదటి లైను అదే రాయి.